గేటు పడినప్పుడు

కగ్గదాసపుర రైల్వే గేటు దగ్గర
స్కూటర్ ఆగితే చాలు, మొదలవుతాయి.
హెల్మెట్ వెనక నుంచి నా కుడి చెవిలోకి
వచ్చే ఆదివారం మొట్టమొదటిసారి
దివ్యసత్ప్రసాదం తీసుకోబోయే బాలశౌరి ప్రశ్నలు.

"అమ్మా, నమలొచ్చా?"
నమలొచ్చు నాన్నా.
మా నాయనమ్మ కాలంలో పన్ను తగిలితే రక్తం కారుతుందనేవాళ్ళు.
అంగిట్లో అతికించుకుని, కళ్ళు దించుకుని
గుడి నుంచి ఇంటిదాకా ఆమె ఎవరితోనూ మాట్లాడేది కాదు.
ఎదురొచ్చిన గేదెను కూడా చేత్తోనే అదిలించేది.

"పొద్దున్నే మంచినీళ్ళు తాగితే?"
తాగొచ్చు. గంట ముందు నుంచీ ఏమీ తినకూడదు, అంతే.
బూస్ట్ మాత్రం మంచినీళ్ళు కాదు.

"మరియమాత స్వరూపానికి దండం పెడితే తప్పంటోంది
పై పోర్షన్ ఆంటీ."
తాతయ్య ఫోటోకి ముద్దు పెడతావు కదా,
అద్దానికి పెడుతున్నావా?

"ఫాదర్‌కి తెలుగు రాదుగా, పాపాలు ఎలా చెప్పాలి?"
ఆయనకి కన్నడం, నీకు కాన్వెంటు ఇంగ్లీషు,
మధ్యలో ఏదో ఒక దోవ దొరుకుతుంది.
చెల్లి పెన్సిల్ విరగ్గొట్టడం
ఏ భాషలో అయినా విరగ్గొట్టడమే.

"ఒకటి మర్చిపోతే?"
మర్చిపోయింది కూడా మాఫీలో కలిసిపోతుంది.
దాచిపెట్టిందే వేరే లెక్క.
ఈ మాట అంటుండగా వెనక ఎవరో హారన్ కొట్టారు.

ఇవన్నీ నాకు వచ్చు.
రెంటచింతల ఎండలో, గుడి పంచలో కూర్చోబెట్టి
ఉపదేశి ఇన్నయ్య తాత ఏడు సంస్కారాలూ
వేళ్ళ మీద లెక్కపెట్టించాడు.
ఏడోది జ్ఞానవివాహం. రెండో చేతిలో రెండో వేలు.
అక్కడికి రాగానే ఆడపిల్లలం కిసుక్కున నవ్వేవాళ్ళం.
"నవ్వండి, నవ్వండి" అనేవాడు తాత,
వేపపుల్ల నోట్లోంచి తీయకుండా.

గూడ్సు బండి వచ్చింది. తీరిగ్గా, పెట్టె తర్వాత పెట్టె.

"మరి నువ్వెందుకు వెళ్ళవమ్మా?
అందరూ లైన్లోకి లేస్తే
నువ్వు మోకాళ్ళు పక్కకి తిప్పి
వాళ్ళకి దోవ ఇస్తావు."

పెట్టెలు లెక్కపెట్టాను. ముప్పై ఒకటి. ముప్పై రెండు.
సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో, గడగడలాడే ఫ్యాను కింద
పేజీ ఎగరకుండా స్టేప్లర్ బరువు పెట్టిన పుస్తకంలో
గిరిధర్ సంతకం పక్కన నేను చేసిన సంతకం
వీడికి ఏ భాషలో చెప్పను?

ఫాదర్ మంచివాడే.
"ఒక్క సాయంత్రం చాలమ్మా, ఇద్దరు సాక్షులు,
బిషప్పుగారి అనుమతి కాగితం" అంటాడు.
గిరిధర్ కూడా మంచివాడే.
ఆదివారాలు మమ్మల్ని గుడి దగ్గర దింపి
పూజ అయ్యేదాకా బోండాల బండి పక్కన నిలబడే మనిషి.
"పదకొండేళ్ళుగా చేస్తున్నది కాపురం కాకపోతే
ఇంకేమిటి? మళ్ళీ పెళ్ళేమిటి?" అంటాడు.
ఎవరి మాటా కాదనలేక
వెనక నుంచి నాలుగో బెంచీలో కూర్చుంటాను.

"అమ్మ ఒక కాగితం బాకీ ఉందిరా" అన్నాను.
"లైబ్రరీ ఫైన్ లాగానా?"
"అలాంటిదే."
"ఎంత?"
గేటు లేచింది.

ఆదివారం.
తెల్ల చొక్కా, కొత్త బూట్లు,
ధర చీటీ ఇంకా ఊడని జపమాల.
చేతులు జోడించుకుని వెనక్కి వచ్చాడు.
మోకాళ్ళు పక్కకి తిప్పి దోవ ఇచ్చాను.
నా పక్కనే మోకరించాడు,
పెదాలు బిగించి, కళ్ళు దించుకుని,
ఎవరూ నేర్పకుండానే మా నాయనమ్మలా.

ఆగలేక, నాకు తెలిసిన సంగతే
వాణ్ణి అడిగాను.
"ఎలా ఉందిరా?"

పాట అయ్యేదాకా పలకలేదు.
తర్వాత నా కుడి చెవి దగ్గరికి వంగాడు.
ఇవాళ మధ్యలో హెల్మెట్ లేదు.
"నేను నమల్లేదమ్మా," అన్నాడు,
"అదే కరిగిపోయింది."