చూసినవాళ్ళ జాబితా

డులూత్ లైబ్రరీలో ప్రింటర్ నా కుర్చీ వెనక ఉంటుంది.
పేజీకి పది సెంట్లు.
అచ్చువైపు కిందికి తిప్పి అందివ్వాలి,
చదవకూడదు.
పదకొండేళ్ళుగా అదే నా నీతి,
చాలా రోజులు.

జనవరి. సరస్సు మీద పొగ లేస్తోంది.
ఇనపరాయి మోసే ఓడలు రేవులో
కట్టేసిన దున్నల్లా పడి ఉన్నాయి.
వెర్నా నీమీ వచ్చింది. స్కూలు బస్సు నడుపుతుంది.
తొడుగులు తియ్యకుండానే కీబోర్డు నొక్కబోయి
తనమీద తనే విసుక్కుంది.
"క్రెడిట్ రిపోర్టు ఊరికే ఇస్తారటగా?"

నువ్వే నువ్వని రుజువేమిటి, అంది కంప్యూటర్.
ఈ నాలుగు వీధుల్లో ఏ వీధిలో కాపురమున్నావు?
ఆ ఏడాది కారు అప్పు ఏ బ్యాంకుకి కట్టావు?
"నేనే మర్చిపోయాను, దీనికెట్లా గుర్తుంది!"
రెండోసారి తట్టాక గాని
ఆమె ఇంటి తలుపు ఆమెకి తెరుచుకోలేదు.

ఇరవై మూడు పేజీలు
రొట్టెల్లా వేడివేడిగా వచ్చాయి.

మొదటి పేజీలో ఆమె పేరు మూడు రకాలు,
ఒకదాంట్లో అక్షరం తప్పు.
కింద అడ్రసులు, ఆమె పారిపోయిన వరసలోనే:
క్లోకే ఊళ్ళో ఇల్లు,
చెల్లెలి గారేజీ మీది గది,
ఆడవాళ్ళ ఆశ్రయం తాలూకు తపాలా పెట్టె.
అన్నిటికీ పైన, కొత్తది.
నీలం తలుపు, పై అంతస్తు.
ఎవ్వరికీ చెప్పలేదట,
కరెంటు కంపెనీకి తప్ప, ఫోను కంపెనీకి తప్ప, బ్యాంకుకి తప్ప.

చివరి పేజీల్లో, చూసినవాళ్ళు.
వేలు పెట్టి చదువుకుంటూ పోయింది, పైకే,
పిల్లల హాజరు పిలిచినట్టు.
ఇల్లు అద్దెకిచ్చిన ముసలాయన. సరే, అడిగే చూశాడు.
బస్సు కంపెనీ. సంతకం చేసిచ్చాను.
ఇన్సూరెన్సువాళ్ళు. నా బ్రేకులకీ నా బాకీలకీ ఏం చుట్టరికం?
కార్డులు అంటగట్టేవాళ్ళు పద్నాలుగు మంది,
కిటికీలోంచి తొంగిచూసి పోయినవాళ్ళు.

వేలు ఆగింది.

బెమిడ్జీలో పాత కార్ల దుకాణం. అక్టోబరు తొమ్మిది.
"నేనెప్పుడూ బెమిడ్జీ వెళ్ళలేదే."
చాలాసేపటికి,
"డ్వేన్ తమ్ముడు అక్కడ పనిచేస్తాడు."
ఇంకా సేపటికి, నాతో కాదు,
"నా మెట్ల మీద సిగరెట్టు పీకలు కనిపించింది
ఆ వారంలోనే."

చట్టం ఉంది. నేనే చదివి వినిపించాను.
తగిన కారణం లేకుండా చూడటం నేరం.
కారణం అన్న గడిలో టిక్కు పెట్టడానికి
ఎంతసేపు పడుతుందో అందులో రాయలేదు.

మూడు కంపెనీలకి ఫోను చేసింది, ఫ్రీజ్ చెయ్యమని.
మధ్యలో సంగీతం, మళ్ళీ సంగీతం.
"రేవే రెండు రాత్రుల్లో గడ్డకట్టింది,
నా పేరుకి ఇంతసేపా?"
మూడో కంపెనీ అమ్మాయి చాలా మర్యాదగా చెప్పింది:
అయిందండీ. అయితే పాత అప్పులవాళ్ళు చూడొచ్చు,
వసూలు చేసేవాళ్ళు చూడొచ్చు,
కోర్టు అడిగితే చూపిస్తాం.
తాళం వేశాం, గొళ్ళెం మరిచాం.
ఇప్పటికే చూసిన కళ్ళ సంగతి
వెర్నా అడగలేదు.
ఆ అమ్మాయి దగ్గర దానికి మీట లేదు.

రెండు డాలర్ల ముప్పై సెంట్లు, అన్నీ చిల్లరే,
బల్ల మీద లెక్కపెట్టింది.
కాగితాలు కోటు లోపలికి, ఒంటికి ఆనేలా తోసి
తలెత్తింది.
"మీరు చదవలేదు కదా?"

లేదన్నాను.

ఇరవై మూడు పేజీల్లో ఎక్కడా నా పేరు లేదు.
నేను చూసిన తేదీ లేదు, కారణం లేదు.
ఆ వీధి మీదుగానే మా ఇంటికి దారి.
జనవరి నుంచి చుట్టూ తిరిగి పోతున్నాను,
మంచులో రెండు వీధులు ఎక్కువ నడిచి.