అర మార్కు

కొరుక్కుపేట రైల్వే గేటు పడితే
తొమ్మిదో తరగతిలో సగం లేటు.
సగమంటే నలుగురు.
తెలుగు సెక్షన్ మొత్తం ఎనిమిదిమందే.

బీరువాలు అడ్డం పెట్టి చేసిన గది మాది.
అవతల తమిళ అయ్య పద్యం అప్పజెప్పించుకుంటుంటే
ఇవతల నా సవర్ణదీర్ఘ సంధి ఆగి వింటుంది.
గూడ్సు బండి వచ్చినప్పుడు మాత్రం
ఇద్దరం సమానంగా నోరు మూసుకుంటాం.

నిన్న క్వార్టర్లీ పేపర్లు దిద్దాను.
అర్థాలు రాయండి, మూడోది: పసిపాప.
దేశరాణి రాసింది,
'ఆకలేసిన పాప.'

ఎర్ర పెన్ను ఇంటూ దాకా వెళ్ళి ఆగింది.
ఇంట్లో తెలుగు, వీధిలో అరవం.
వీధిలో పసి అంటే ఆకలే మరి.
తెల్లారకముందే వాళ్ళమ్మ కాశిమేడు చేపలకు పోతే
తమ్ముణ్ణి చంకనేసుకుని బడి గేటు దాకా వచ్చి
పూలమ్మే ఆమెకు అప్పగించి
ప్రేయర్లో ఆఖరి వరసలో నిలబడే పిల్ల.
ఏ నిఘంటువు తీసి చూపించను?

"ఇదేంటమ్మా అర మార్కు? ఒప్పా, తప్పా?"
హెచ్చెమ్ ఎతిరాజులుగారు అడిగారు.
చెప్పబోయాను.
భోజనం బెల్లు. వరండా నిండా కంచాల మోత.

కిటికీలోంచి చూస్తే
దేశరాణి తన గుడ్డు తినకుండా
జామెట్రీ బాక్సులో పెడుతోంది.
కాంపాసు తీసేసింది, కోణమానిని తీసేసింది,
అయినా మూత పడలేదు.
జడ రిబ్బను విప్పి
బాక్సు చుట్టూ ముడేసింది.

ఐదో పీరియడుకి ఒక జడ ఊడిపోయి వచ్చింది.
నేనేమీ అడగలేదు.