అడుగు పలక

అసలు పేరు వీబ్రన్ అంట.
మా బీల గట్టు దాకా వచ్చేసరికి
వీరబ్రమ్మం దొర అయిపోయాడు.

పెద్ద తుపాను మరుసటేడు సోంపేటలో రైలు దిగాడు.
ఒక ఇనప పెట్టె, గొడుగు,
మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు.
బూట్లని మొదటి వారమే బీల మింగేసింది.
ఆ తర్వాత వట్టి కాళ్ళే.
జలగకి ఉప్పు రాయడం ఆయనకి నేర్పింది
మా నాన్న, మడ్డు దాలయ్య.

నాన్నది కర్ర పట్టుకునే ఉద్యోగం.
ఎరుపూ నలుపూ అంకెల కర్ర,
నడుం లోతు నీళ్ళు, కదలకూడదు.
అవతల గట్టు మీద మూడుకాళ్ళ దుర్బిణీకి
దొర ఒక కన్ను అప్పగించేవాడు.
ఆ గాజులో మనిషి తలకిందులుగా కనపడతాడంట.
"నన్ను మూడేళ్ళు తిరగేసి చూసినోడు ఆడొక్కడే"
అనేవాడు నాన్న, కొంచెం గర్వంగానే.

దొర పుట్టిన ఊరు
సముద్రం కంటే రెండు నిలువులు పల్లమంట.
ఎవరూ నమ్మలేదు.
"పల్లంలో ఊరుంటే నీళ్ళకి తెలీదేటి?" అంది అమ్మ.
"తెలుసు," అన్నాడు వచ్చీరాని తెలుగులో.
"అందుకే మా తాత రాత్రి పడుకోడు."

మూడు వేసవులు కాలవ తవ్వారు.
నల్ల బురద గట్టెక్కి, ఎండి, పలకలై పగిలింది.
నీరు మొగ వైపు నడవడం నేర్చుకుంది.
మదుముకి ఐదు పలకలు,
కార్తీకం దాటాక ఐదూ ఎత్తెయ్యాలి, అదే దొర చట్టం.
జమ్ము మొలిచిన చోట వరి ఈనింది.
దొరకి చోడంబలీ, నంజుకి పచ్చి ఉల్లిపాయా పెట్టి
ఊరంతా చుట్టూ నిలబడి చూశాం, తింటాడా లేదా అని.
రెండు ముంతలు తాగాడు.

నాలుగో యేడు తుంగ కోతకెళ్ళిన అమ్మ
కొడవలి ఊపుకుంటూ తిరిగొచ్చింది.
ఏమీ అన్లేదు.
దొర సెలవు తీసుకోడానికి వస్తే
చాప పరిచి, "కూకో దొరా, ఇదే ఆఖర్ది" అంది.
ఆయన నవ్వి కూర్చున్నాడు.
కాసేపటికి నవ్వు ఆపి
అంచు మీద వేలు పెట్టి
అల్లికని చివరి దాకా తడుముకుంటూ పోయాడు,
మట్టం చూసేటప్పటి మొహంతో.
వెళ్తూ వెళ్తూ ఆ చాప అడిగి పట్టుకెళ్ళాడు.

ఇరవై రెండేళ్ళకి ఉత్తరం.
బారువ పోస్టుమాస్టరు కూడబలుక్కుని చదివాడు.
మా ఊళ్ళో ఏరుకి చోటు చాలడం లేదు దాలయ్యా,
గట్టు తెగ్గొడుతున్నాం.
మా నాన్న ఎండబెట్టిన పొలమే.
కాయితం మీద సంతకం నాది.
మీ ఆవిడ చాపని ఒక మూల ఎలక కొరికింది, చెప్పకు.

అప్పటికి అమ్మ లేదు, చెప్పడానికి.
నాన్న అంతా విని
"తెగ్గొట్టడానికి కూలెంత ఇచ్చారంట?" అన్నాడు,
ఇంకేం అడగలేదు.
ఆ రాత్రి లాంతరు పట్టుకుని గట్టెక్కాడు.

మర్నాటి నుంచీ నాలుగు పలకలే లేచేవి.
అడుగుది దిగే ఉండేది.
జానెడు నీరు ఆగింది, ముప్పై సెంట్ల మేర.
పక్క చేను గవరయ్య తిట్టిన తిట్లు
నాన్న చచ్చే దాకా పడ్డాడు, న్యాయమైన తిట్లే,
ఆయన చేలో మూడు మళ్ళు ఊటెక్కేవి.
ఆఫీసు పుస్తకంలో మాత్రం ఏటా అదే ముక్క:
అడుగు పలక బిగిసినది, మరమ్మతు చేయవలెను.

నాన్న తర్వాత మదుము తాళం నాకిచ్చారు.
మొన్న కొత్త ఇంజినీరు, కుర్రాడు,
మోటారు సైకిలు దిగకుండానే అడిగాడు,
ఇదెందుకు లేవదమ్మా అని.
బిగుసుకుపోయింది బాబూ, మా నాన్న కాలం నుంచీ, అన్నాను.
చేతిలో అల్లుతున్న చాప పక్కన పెట్టే అన్నాను.

ఏడాదికోసారి,
నీరు తీసిన నాడు,
ఆ పలక గాడికి ఆముదం రాసేది నేనే.