ఒకే పట్టీ మీద

కావలి ట్రంకు రోడ్డు, బస్టాండుకి ఇవతలి సందు.
జెరీనా డిటిపి సెంటరు షట్టరు సగం దించి
రెండు సీపీయూల పక్కలు ఊడదీసి కూర్చున్నాను.
ఒకటి ఆమెది, రెండువేల మూడులో కొన్నది.
రెండోది ముసునూరులో మూతబడిన నెట్ సెంటరు నుంచి
పన్నెండొందలకి తెచ్చింది.
అదీ ముసలిదే, కాకపోతే నాలుగేళ్ళు చిన్న.

"కొత్తది కొనచ్చు గదమ్మా" అన్నాను.
"కొత్తదానికి నా అక్షరాలు రావబ్బయా."

నిజమే. నిరుడు ఎవరిదో లాప్‌టాప్‌లో తెరిస్తే
శుభలేఖ నిండా కొక్కేలూ చుక్కలూ,
చి.ల.సౌ. ఉండాల్సిన చోట
సిరాలో కాళ్ళు ముంచి పిల్లి నడిచినట్టు.
ఆ ఫాంటు పాత విండోస్‌లోనే తెలుగు మాట్లాడుతుంది.

బ్రష్షుతో దులిపాను.
ఫ్యాను రెక్కల మీద బొంతలా బూజు,
మూలన బల్లిగుడ్డు పెంకు,
దాని పక్కనే నలభై జీబీల డిస్కు,
పచ్చడి జాడీ మూతంత బరువు.
మూడు స్క్రూలు వచ్చాయి.
నాలుగోదాని తల ఎప్పుడో అరిగిపోయింది,
పళ్ళు బిగించి తిప్పితే
స్క్రూ రాలేదు, నా వేలి చర్మం వచ్చింది.

బూడిదరంగు పట్టీ, ఎర్రగీత అంచు కరెంటు పిన్ను వైపు.
ఒకే పట్టీకి రెండు డిస్కులు తగిలించి
స్విచ్ వేశాను.
నల్ల తెర. డిస్కే లేదంది.
ఒకటి కాదు, రెండూ లేవంది.
తారీకు మాత్రం చెప్పింది: జనవరి ఒకటి, రెండువేల రెండు.

"అప్పటికి నాకీ కొట్టే లేదు" అని నవ్వింది జెరీనా.

రెండూ నేనే పెద్ద అంటున్నాయి, అదీ గొడవ.
ఒకటి మాస్టరు కావాలి, రెండోది...
చీటీ మీద అచ్చేసిన ఆ రెండో మాటని
ఆమె ముందు తెలుగులో చెప్పడానికి నోరు రాలేదు.
"ఒకటి చిన్నది కావాలమ్మా" అన్నాను.
"తోడికోడళ్ళా?"
"అంతే. వంటిల్లు ఒకటే,
తాళంచెవులు ఒకరి బొడ్లోనే ఉండాలి."
"మా ఇంట్లో అదే కుదర్లా" అంది.

కనుబొమల పట్టకారు ఇచ్చింది.
జంపరు, వడ్లగింజంత నల్ల ప్లాస్టిక్కు,
లాగుతుంటే ఎగిరి ఎటో పడింది.
ఇద్దరం నేల మీద మోకాళ్ళు.
ఫోను లైటులో ఎర్ర కార్డు ముక్కలు, బంగారు రేకు పొట్టు,
ఏ పెళ్ళివాళ్ళదో అంటిన పసుపు.
చివరికి ఆమె నాలుకకి వేలు తడుపుకుని
పూస ఏరినట్టు ఏరింది.

ఈసారి రెండూ కనిపించాయి.

పాతదాంట్లోంచి కొత్త పాతదాంట్లోకి కాపీ.
మూడు గంటలు అంది, తర్వాత నలభై నిమిషాలంది,
తర్వాత పదకొండు గంటలంది.
ఏ మాట మీదా నిలబడదు.
ఓణీల ఫంక్షన్లు, ఉపవాస కూటాలు,
ఓడిపోయిన వార్డు మెంబర్ల కరపత్రాలు పోతున్నాయి.
"ఈ అల్లూరు పిల్ల కార్డు మూడుసార్లు దిద్దినా.
రెండుసార్లు ముహూర్తం మారింది.
మూడోసారి పెళ్ళికొడుకే మారిపోయినాడు."

అంతలో ఆగింది.
'కర్మాంతరం సిద్దయ్య' చదవలేనంటోంది.
డిస్కు లోపల టిక్, టిక్,
గొంతులో చేపముల్లు దిగినట్టు.
"మళ్ళీ నొక్కు."
నొక్కాను.
"మళ్ళీ."
ఏడుసార్లు.

కాసేపు ఏమీ మాట్లాడలేదు.
"ఆ కార్డులో ఊరిపేరు తప్పు కొట్టినా.
పంచినాక చూసుకున్నారు.
ఒక్క మాటనకుండా డబ్బులిచ్చి పోయినాడు వాళ్ళబ్బాయి."
ఎలుక మీద నా చెయ్యి అట్టే ఉంది.
"పోనీలే, వదిలెయ్" అంది.
వదిలేశాను.

రాత్రి పదిన్నరకి అన్నీ చేరాయి, ఆ ఒక్కటి తప్ప.
పాత డిస్కు విప్పబోతే చెయ్యి అడ్డం పెట్టింది.
"ఉండనీ దాన్ని.
చిన్నదిగానే ఉంటది, ఏం తింటది?"
మూడు స్క్రూలు బిగించాను.
నాలుగో బెజ్జం ఖాళీ.

తారీకు తనే దిద్దింది,
బాణం గుర్తు మీద వేలు పెట్టి ఒక్కో ఏడూ ఎక్కుతూ.
మధ్యలో ఏదో ఏటి దగ్గర
వేలు కొంచెం ఆగింది, నేను అడగలేదు.

బిళ్ళ బ్యాటరీ చచ్చిపోయింది గదా,
మెయిను కట్టేస్తే రేపు పొద్దున మళ్ళీ రెండువేల రెండే.
బ్యాటరీ తెస్తానన్నాను.
"శనివారం తేలే, తొందరేముంది" అని
రెండొందలు చేతిలో పెట్టి
షట్టరు పైకెత్తింది.