ఎవరూ తెరవని గది

సెప్టెంబరు. సోర్వె కొస.
మూడు వైపులా బాల్టిక్ సముద్రం, నాలుగో వైపు దీపస్తంభం.
వలలు విప్పడానికి ఇంకా ముప్పావుగంట ఉందనగా
యోసెప్ నా తలుపు కొట్టాడు, ఒక కాలికే సాక్సు:
"వైకే, కంప్యూటర్ లేవట్లేదు."

నల్లటి తెర. పై మూల రెండే ముక్కలు:
అలాంటి డివైస్ లేదు.
గ్రబ్ రెస్క్యూ.
పక్కన కర్సర్,
తప్పు తనది కానట్టు రెప్పలార్పుతూ.

"రాత్రి ఏం చేశావ్?"
"ఏం చెయ్యలేదు."
ఈ జవాబుకి టీ కావాలి. కెటిల్ పెట్టాను.
రెండో కప్పులో నిజం తేలింది:
రాడార్ బొమ్మలకి చోటు చాలక
ఒక పార్టిషన్ తుడిచేశాడట.
"అది ఎవరూ వాడట్లేదు కదా,
ఆరేళ్లుగా ఒక్కరూ తెరవలేదు. తేదీలు చూసే తీశాను."

తేదీలు సరిగ్గానే చూశాడు.
ఈ డొక్కు పెట్టెలో మూడు లినక్సుల కాపురం.
పక్షుల ఉంగరాల లెక్కకి నా డెబియన్,
కుర్రాళ్లకి ఫెడోరా,
మూడోది హెన్‌ది.
హెన్ హీయుమా ఫెర్రీ మీద ఇంజను పనికి పోయి ఆరేళ్లు.
అతని ఉబుంటు బూజు పట్టిందనే
నేనూ అనుకున్నాను.

కానీ పొద్దున్నే మీట నొక్కగానే
మొదట మేలుకునేది ఆ గదే.
ఎవరు కావాలని అడిగి
ఎవరి తలుపు వాళ్లకి తీసేది అందులోని గ్రబ్బే.
ఆరేళ్లు రోజూ దాని గడప తొక్కే లోపలికొచ్చాం,
గది ఖాళీ అంటూనే.

"పదకొండు వేల పక్షులు," అన్నాడు యోసెప్. గొంతు సన్నబడింది.
"పోయినట్టేనా?"
"ఎక్కడి పక్షులు అక్కడే ఉన్నాయి.
దారి చెప్పే మనిషే లేడు. జరుగు."

ఎల్‌ఎస్ అని కొట్టాను.
బ్రాకెట్లు కట్టుకుని వరసగా నిలబడ్డాయి గదులు.
ఒక్కోదాన్నీ పలకరించాలి.
ఒకటి: తెలియని ఫైల్ సిస్టమ్.
రెండు: తెలియని ఫైల్ సిస్టమ్.
మూడు, అదే మాట. ఎదురింట్లో చెవుడున్న ముసలాయనలా.
ఐదు దగ్గర బూట్, హోమ్, వార్,
ఇంట్లో పిల్లల పేర్లలా గబగబా వచ్చేశాయి.
డెబియన్‌కీ ఒకప్పుడు సొంత గ్రబ్ ఉండేది.
హెన్ వచ్చి పక్కకి నెట్టాడు. అలిగి వెళ్లిపోలేదు పాపం.

ప్రిఫిక్స్ ఇది, అని చెప్పాను.
నార్మల్ మాడ్యూలు ఎక్కించాను.
తర్వాత నార్మల్, అని ఒక్క మాట.
అంత మాట అంత సులువుగా
ఈ ఇంట్లో ఎవరికీ ఎప్పుడూ చెప్పలేదు నేను.

మెనూ వచ్చింది. యోసెప్ కుర్చీలో కూలబడ్డాడు.
"అప్పుడే కాదు," అన్నాను. "ఇది అరువు తాళం,
ఆపి లేపితే మళ్లీ నల్లతెరే."
గ్రబ్‌ని డిస్కు మొదట్లో కొత్తగా నాటాలి.
డిస్కు పేరు చివర అంకె రాకూడదు.
అంకె రాస్తే ఒక గదిలో పడుతుంది, వీధి తలుపు దగ్గర కాదు.
అతను అంకె రాశాడు. చెరిపించాను.

జాబితా తిరగరాస్తే ఫెడోరా కనపడలేదు.
పక్క గదులు వెతకడం మానేశానంది, భద్రత కోసమట.
సెట్టింగుల్లో ఒక వాక్యం ఉంటుంది: వెతకడం ఆపు.
దానికెదురుగా అబద్ధం అని రాయాలి.
యోసెప్ మూడుసార్లు చదివి,
"అంటే వెతకమనా, వద్దనా?"
మా అత్తగారు కాఫీ కావాలా అంటే జవాబిచ్చే పద్ధతే ఇది, అన్నాను.

ఈసారి ఇద్దరూ కనపడ్డారు. ఐదు సెకన్ల గడువు,
నాలుగు, మూడు.
హెన్ వరస ఉండాల్సిన చోట ఏమీ లేదు,
ఖాళీ కూడా లేదు. కింది వరస పైకి జరిగిపోయింది.

"అతనికి ఫోన్ చెయ్యనా?" యోసెప్ అడిగాడు.
ఏమని? నీ గది పడగొట్టాకే
అది మా గుమ్మమని తెలిసిందనా?
చెయ్యి, అన్నాను. పది దాటాక. నైట్ డ్యూటీ అయ్యుంటాడు.

వలల దగ్గరికి నలభై నిమిషాలు ఆలస్యంగా వెళ్లాం.
మొదటి జేబులో ఒక రాబిన్, కోపంగా.
ఉంగరం నంబరు
పెన్సిలుతో, కాయితం మీద రాశాను.