గవాచి

జమ్మలమడుగులో నేను మూసిన గవాచిలు
లెక్క పెడితే నలభై ఒకటి.
నలభై రెండోది మాది.

బేల్దారి దస్తగిరి పోస్తే
స్లాబు కారదని పేరు.
చౌడు మిద్దెలు ఎన్ని దించినానో!
దంతెల నడుమ ఎండిన కానుగాకు,
చెదలు, మూడు తరాల చల్లదనం
అన్నీ కలిపి ట్రాక్టరుకెత్తి
పెన్నేటి గట్టున పోయించినా.
కమ్మీ కట్టి, కాంక్రీటు పోసి,
ఇరవై ఒక్క రోజులు నీళ్లు నిలిపి
"ఇంగ మీ మనవళ్ల దాకా దిగుల్లేదు పో" అన్నా.

దిగులు మే నెలలో వచ్చేది.
రాత్రి పదకొండుకు గూడా
పడమటి గోడకు జరం.
వీపు ఆనిస్తే లోపల ఇంకా మధ్యాహ్నమే.
నాపబండ మీద నీళ్లు చల్లుకుని
తడిగుడ్డ కప్పుకుని పడుకునే మాబున్ని
"నువ్వు కట్టింది ఇల్లు గాదు,
మూత పెట్టిన పెనం" అనింది ఒక రాత్రి.
కూలరు గుర్రు పెడతా ఉంది.
నేను నిద్రపోయినట్టు నటించినా.

పొద్దున్నే ఎవరికీ చెప్పకుండా
సున్నం తెచ్చి నానేసినా.
కరక్కాయ నీళ్లు మా నాయన లెక్కకు,
డబ్బా ఫెవికాలు నా లెక్కకు,
స్లాబు మీద మూడు పూతలు.
పక్కింటి సుంకన్న తలెత్తి
"మిద్దెకు పెండ్లా?" అన్నాడు.
ఆ తెలుపు చూడలేక కండ్లు మూసుకుంటే
రెప్పల లోపల గూడా తెల్లగానే ఉండె.

పడమటి గోడ ఎంబడి తీగె లాగి
దొండ పాకించినాం.
మేం పోసుకున్న నీళ్లే దానికి నీళ్లు.
సబ్బు మార్చినాక గానీ చిగురు వెయ్యలేదది.
ఇప్పుడు కాయలు వీధికి సగం, మాకు సగం.

అయినా లోపలి గాలి కదలదు.
వేడి పైకి పోతుందని మాకొకరు చెప్పాల్నా?
పొయ్యి పొగ చిన్నప్పుడే చెప్పింది.
జేజి సంగటి కెలుకుతా ఉంటే
పొగంతా ఒక తాడై
గవాచిలో నుంచి ఆకాశాన్ని పట్టుకుని ఎక్కిపోయేది.

కమ్మీ యాడుందో కట్టినోడికి తెలుసు.
రెండు కమ్మీల నడుమ జానెడు
చాక్‌పీసుతో గుండ్రంగా గీసి
సుత్తి ఎత్తినప్పుడు
చెయ్యి ఒక గడియ పైనే ఆగింది.
మొదటి దెబ్బకు స్లాబు బెదరలేదు.
ఎంత బాగా పోసినానప్పా, అని నాకే నవ్వొచ్చింది.

మూడో నాడు
జొన్నరొట్టెంత వెలుగు నాపబండ మీద పడింది.
మాబున్ని చేట తెచ్చుకుని దాంట్లో కూర్చుంది,
ట్యూబులైటు వెయ్యకుండా
కందిబ్యాళ్లలో రాళ్లు ఏరింది.
వెలుగు జరిగేకొద్దీ తనూ జరిగింది.
గోడ దగ్గరికి చేరేసరికి బ్యాళ్లు అయిపోయినాయి.

రీడింగు తీసే పిల్లోడు
మీటరును రెండుసార్లు తట్టి చూసినాడు.
బిల్లు సగమైందని అబద్ధం చెప్పను.
కూలరు మాత్రం మూలకు పోయింది,
దాని నెత్తిన ఉల్లిగడ్డల గంప.

జూన్‌లో తొలి వాన.
మూత సరిగ్గా కూర్చోలేదు.
నడింట్లో చాప తడిసింది, నా పేరూ తడిసింది.
మాబున్ని నవ్వుతా నవ్వుతా గిన్నె పెట్టింది,
ఒక్క మాట అనకుండా.

వాన నిలిచినాక వీధి చివరి కాశింబీ వచ్చి
తలెత్తి ఆ బొక్కనే చూస్తా నిలబడింది.
ఆమె ఇంటిది నేను మూసిన పదిహేడోది.
కూలి ఎంతని అడగలేదు.
"నాది యాడుండిందో గుర్తుందా?" అనింది.
ఉంది.
పొయ్యికి ఎడమ పక్క,
మీ అత్త ఉట్టి కట్టిన దూలానికి అవతల.

ఈ రాత్రి మూత తీసి పెడితే
అందులో ఒక చుక్క వచ్చి ఆగింది.
చూపిద్దామని లేపినా.
"దోమలొస్తాయి, రేపు జాలీ కొట్టు" అని
మాబున్ని అటు తిరిగి పడుకుంది,
దుప్పటి గదమ దాకా లాక్కుని.