రెండు లీటర్లు

అబాలో కరెంటు పోయి మూడు గంటలు.
జనరేటర్ కడుపులో రెండు లీటర్ల పెట్రోలు.
తెర మీద పచ్చగీత పదకొండు శాతం దగ్గర
కాలు విరిగిన మేకలా కూలబడింది,
ఇంకా ఆరు గంటలు పడుతుందంటోంది.
లాగోస్ బస్సేమో తెల్లారగట్లే.
ఒక్వుదిలి మూడోసారి ఫోను:
"అమ్మ సాగనంపిన వీడియో చేతిలో పడందే
మా అన్నలు బస్సెక్కరు."

ఆపేశాను.

కోసి నెత్తి పట్టుకున్నాడు, పదకొండు శాతం మట్టిపాలైందని.
పోనీరా,
తప్పుదారిలో నడిచింది నడక లెక్కలోకి రాదు.

ఎన్‌కోడింగ్ బరువంతా ప్రాసెసర్ మెడ మీంచి దించి
గ్రాఫిక్స్ కార్డు భుజానికెత్తాను.
ఫోర్‌కే ఎవరికి? వాళ్ళ టీవీ అందులో సగం కూడా చూపదు.
నలుసులు తుడిచే ఫిల్టర్,
గంటల్ని నమిలి మింగేది అదే,
షాటు షాటుకీ వెతికి పీకేశాను.
బిట్‌రేటు కోయబోతే మాత్రం చెయ్యాడలేదు.
ముందు చెడేది కదిలేదే:
తుపాకుల పొగ, ఆడవాళ్ళు ఊపే తెల్ల రుమాళ్ళు,
నాట్యగత్తెల మీద ఎగరేసిన నైరా నోట్లు
చదరాలు చదరాలుగా పగిలిపోతాయి.

చివర్లో తొమ్మిది సెకన్లు.
ఎవరో ఫోన్లో తీసింది. చీకటి వంటిల్లు.
మామా ఉగోయే ఎగుసి గింజలు ఒలవడం ఆపి
సూటిగా చూస్తుంది.
కదలని ముఖానికి ఖర్చు తక్కువ.
ఒకసారి గీస్తే చాలు,
తర్వాతి ఫ్రేములు "అలాగే, అలాగే" అనుకుంటూ పోతాయి.
కానీ చీకట్లో ముసిరిన నలుసుల్ని
యంత్రం కదలికే అనుకుంటుంది,
బతికున్నదనుకున్నట్టు ఆమె మీద బిట్లు కుమ్మరిస్తుంది.
ఆ ఒక్కచోటికీ ఫిల్టర్ మళ్ళీ పెట్టాను.
నలుసులు పోయాయి.
వాటితో ముడతలూ పోయాయి.
ఎవరీవిడ?

సగానికి తగ్గించాను. ఇంకొంచెం.

తొంభై ఆరు దగ్గర జనరేటర్ దగ్గింది.
కోసి పరుగెత్తి దాన్ని ఒక పక్కకి ఒరిగించి పట్టుకున్నాడు,
పసిబిడ్డ నోట్లో పాలసీసా ఆఖరి చుక్క దాకా
ఒంచినట్టు.
తొంభై ఎనిమిది. తొమ్మిది.
వాడి చేతులు వణకడం గోడవతలి మోతలోనే వినబడింది.

బస్టాండులో ఒక్వుదిలి తన ఫోన్లో
డాన్సులన్నీ వేలితో తోసేసి
అక్కడ ఆగాడు.
"ఇక్కడ కొంచెం మసగ్గా ఉందేం?"

ఆ రోజు మీ వంటింట్లో
అంతే వెలుతురుంది, అన్నాను.